పుటలున్నాయి, పేర్లేవి?

మా అమ్మమ్మ వాళ్ళమ్మ రాసిన ఉత్తరం ఒకటి 'గృహలక్ష్మి'లో అచ్చయిందని మా ఇంట్లో చెప్పుకునేవారు. ఏ సంవత్సరమో, దేన్ని గురించో ఎవరికీ గుర్తులేదు. కిందటి చలికాలం బయట మంచు కురుస్తుంటే, రెండు వారాంతాలు ఆ ఉత్తరం కోసం ఇంటర్నెట్‌లో వెతికాను. డేటాబేసులతో పొట్టపోసుకునేవాణ్ణి, నాకిదొక లెక్కా అనుకున్నాను.

లెక్క తప్పింది. నాకు దొరికిన సంచికలన్నీ ఉత్త ఫోటోలు. పేరు కొడితే ఏమీ రాదు, పుట పుటా తిప్పుకోవలసిందే. అరసున్నలు, బండి ఱలు, అరిగిన సీసపు అచ్చు చూసి అక్షరాలు పోల్చే సాఫ్ట్‌వేర్ కూడా తడబడుతుంది. కొన్నిటికి అట్టలూ, ప్రకటనల పుటలూ లేవు. బైండు చేసినవాళ్ళో, స్కాన్ చేసినవాళ్ళో అక్కర్లేదనుకున్నట్టున్నారు.

నిజంగా అక్కర్లేదా? 1928లో మద్రాసులో 'గృహలక్ష్మి'ని మొదలుపెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి, స్త్రీల మందు 'లోధ్ర' తయారుచేసినవారే. వ్యాసాన్నీ మందు ప్రకటననీ కలిపి చదివితేనే, ఆనాటి ఇల్లాలికి ఎవరేం చెప్పారో, ఏం అమ్మారో తెలిసేది.

ఈ విషయంలో చైనా పత్రికలను చూస్తే నాకు అసూయ. షాంఘైలో 1931 నుంచి 1937 దాకా వెలువడిన 'లింగ్‌లాంగ్' అరచేతిలో పట్టే చిన్న వారపత్రిక. అప్పట్లో బడికెళ్ళే ప్రతి ఆడపిల్ల చేతిలోనూ అది ఉండేదని రచయిత్రి ఐలీన్ చాంగ్ తర్వాత గుర్తుచేసుకుంది. ఇక్కడ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం దాన్ని డిజిటైజ్ చేసింది. జర్మనీలోని హైడెల్బర్గ్ విశ్వవిద్యాలయంలో దానితోపాటు మరో మూడు పత్రికలకు డేటాబేసు కట్టారు. అందులో వ్యాసానికే కాదు, బొమ్మకీ ప్రకటనకీ కూడా పద్దు ఉంది.

కలంపేర్లకీ ఇలాంటి పద్దు అవసరమే. ఆ నాలుగింటిలో ఒకటైన 'న్యూజి షిజియే' 1904లో మొదలైంది. అందులో స్త్రీ పేరుతో రాసినవాళ్ళలో లూషున్ తమ్ముడు జౌ జువోరెన్ ఒకడు! అచ్చులో ఉన్న పేరునీ, రాసిన మనిషినీ వేరు వేరు గడుల్లో రాసుకోకపోతే, మగవాడి మాట ఆడవాళ్ళ ఖాతాలో పడుతుంది. మన దగ్గర ఇబ్బంది మరోలా ఉంటుంది. ఇంటిపేరు పెళ్ళితో మారుతుంది, అసలు పేరు 'ఒక సోదరి' వెనక దాక్కుంటుంది.

సరిగ్గా అదే 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబ 'సావిత్రి' పత్రిక పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే 'హిందూ సుందరి' వచ్చింది. భండారు అచ్చమాంబ కథ 'ధనత్రయోదశి' 1902లో అందులోనే అచ్చయింది. 1910 నాటి గురజాడ 'దిద్దుబాటు'నే తొలి కథగా మనం ఎన్నాళ్ళు చదువుకున్నాం! ఎవరు ముందన్న వాదన ఎటు తేలినా, పాత సంచికలు తిరగేసినవాళ్ళు లేకపోతే అసలు ఆ వాదనే ఉండేది కాదు. ఇంకెందరు అచ్చమాంబలు ఆ ఫోటోల్లో ఉన్నారో?

స్కాన్ చేసినవాళ్ళని తప్పుపట్టడం లేదు. వాళ్ళే లేకపోతే ఆ కాగితం చెదల పాలయ్యేది. కానీ దాచడం సగం పనే. మిగతా సగానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. విషయసూచిక చూసి రచన, పేరు, పుట సంఖ్య, ప్రకటన టైపు చేస్తే చాలు. మహాసభల భోజనాలకు మనం పెట్టే ఖర్చులో పిసరంత చాలు. డబ్బు లేకపోయినా, తెలుగు చదవగలిగినవాళ్ళు వారానికో గంట ఇస్తే చాలు.

ఆ ఉత్తరం నాకింకా దొరకలేదు. ఈలోగా చూసిన సంచికల పద్దు రాస్తున్నాను. మా ముత్తమ్మమ్మ కాకపోతే ఇంకెవరి ముత్తమ్మమ్మో దొరుకుతుంది.