పూడ్చిన చెరువు, కోలుకోని చేను

రొయ్యల చెరువును పూడ్చి మళ్లీ వరిమడిగా మార్చిన నేలకు లవణాల గడిలో ‘సాధారణం’ అని రాసి ఇచ్చే భూసార పరీక్ష కార్డు డెల్టా రైతుకు మేలు చేయకపోగా, ఒక పంటకాలాన్ని ఎరువుల ఖర్చుతో సహా నష్టపెడుతుంది. ఈ వారం ఈ శీర్షికను కలవరపెట్టింది అటువంటి ఒక కార్డే. 2015లో దేశమంతటా మొదలైన పథకం కింద నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని బోరాన్ వరకు తొమ్మిది పోషకాలతో పాటు ఉదజని సూచిక, లవణ సాంద్రత, సేంద్రియ కర్బనం కలిపి మొత్తం 12 అంశాలను పరీక్షిస్తారు. వాటిలో సోడియం లేదు. పైగా నీటివసతి ఉన్న ప్రాంతంలో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా తీయాలన్నది నియమం కనుక, నిన్నమొన్న పూడ్చిన చెరువు, ఏనాడూ చెరువు కాని పక్క చేను ఒకే ఫలితంతో సరిపెట్టుకోవలసి రావచ్చు.

సోడియం లెక్కకు రాకపోవడం చిన్న లోపం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల నల్ల బంకమట్టి రేణువులు మామూలుగా కాల్షియంను పట్టుకుని, ఒకదానికొకటి అంటుకుని చిన్న చిన్న గుళికలుగా ఉంటాయి. ఆ గుళికల నడుమ సందుల్లోనే నీరు ఇంకుతుంది, గాలి ఆడుతుంది, వేరు దిగుతుంది. ఉప్పునీరు ఏళ్ల తరబడి నిలిచిన చోట సోడియం ఆ కాల్షియంను వెళ్లగొట్టి దాని స్థానంలో చేరుతుంది. చెరువు ఎండగట్టాక పడిన వానలకు, మురుగు పారే దారి ఉంటే, కరిగే ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది, కార్డులో లవణ సాంద్రత తగ్గినట్లు కనిపిస్తుంది, కానీ రేణువును పట్టుకున్న సోడియం ఉత్త వానకు వదలదు. రైతులు పాల చౌడు అనే తెల్లటి ఉప్పు నేల ఈ విధంగా కారు చౌడుగా, అంటే నీరు ఇంకని, ఎండితే రాయిలా బిగుసుకునే నేలగా మారుతుంది. దీన్ని గుర్తించడానికి ప్రయోగశాల కోసం ఎదురుచూడనక్కరలేదు. కుంకుడుకాయంత ఎండు మట్టిగడ్డను గాజు గ్లాసులోని వాననీటిలో కదపకుండా వేసి ఉంచితే, మంచి నేల గడ్డ విచ్చుకుని అడుగున కూర్చుంటుంది, పైనీరు తేటగానే ఉంటుంది. కారు చౌడు గడ్డ చుట్టూ పాలు విరజిమ్మినట్లు తెల్లటి మబ్బు కమ్మి గంటల తరబడి దిగదు. అదే నీటిలో చిటికెడు జిప్సం కలిపితే మబ్బు క్రమంగా అడుగుకు చేరుతుంది, ఎందుకంటే జిప్సంలోని కాల్షియం చెదిరిన రేణువులను తిరిగి దగ్గరకు చేరుస్తుంది.

పొలంలోనూ చికిత్స ఇదే, కాకపోతే విడివడిన సోడియం కొట్టుకుపోవడానికి మురుగు కాలువ ఉండాలి. మురుగు మాట లేకుండా ఈ శీర్షిక సాగదని పాత పాఠకులకు తెలుసు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వర్షాధారపు నేలలను సార్వా, దాళ్వా భూములుగా మార్చింది. నేడు సనాతనంగా తోచే డెల్టా వరి కూడా ఒకనాటి భూవినియోగ మార్పే. నీరు తెచ్చే కాలువలకు దక్కిన శ్రద్ధ నీరు తీసే కాలువలకు ఏనాడూ దక్కలేదు, చివరకు డెల్టాల మురుగు సమస్యను పరిశీలించడానికి 1960వ దశకంలో మిత్రా కమిటీని నియమించవలసి వచ్చింది. సార్వా వరి ఏటా మునుగుతుంటే, గిట్టుబాటు లేక కోనసీమ రైతులు 2011లో ఏకంగా పంట విరామమే ప్రకటించారు. అలాంటి పరిస్థితిలో చేను చెరువైతే రైతును తప్పుపట్టడం అన్యాయం. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులోనే ఆదేశించింది, అయినా మునిగే పొలానికి ఆ ఆదేశం దారి చూపలేదు.

ఇంతవరకు వచ్చిన వాదన ఉప్పునే దోషిగా నిలబెడుతున్నట్లు తోచినా, నేల నష్టాన్ని పొరపొరగా చూస్తే ఆ తీర్పు నిలవదు. సోడియం పట్టిన నేలకు మురుగు పారితే జిప్సం ఉంది, దాని వెంట జీలుగ వంటి పచ్చిరొట్ట ఉంది, కొన్నేళ్ల ఓపికతో అది తిరిగి పంటకు వస్తుంది. చెరువు తవ్వినప్పుడు పొక్లెయిన్ ఎత్తి గట్టుకు పోసిన పైమట్టి సంగతి వేరు. సేంద్రియ కర్బనం, సూక్ష్మజీవులు, వానపాములు ఎక్కువగా ఉండేది పై జానెడు మట్టిలోనే. గట్టు మీద ఏళ్ల తరబడి ఎండి, తొక్కుడుపడి, చివరకు అడుగుమట్టితో కలిసి గోతిలోకి తిరిగొచ్చేసరికి ఏ పొర ఎక్కడుందో చెప్పలేము. అంగుళం పైమట్టి ఏర్పడటానికి వందల ఏళ్లు పడుతుంది. అందుకే ఉప్పు తగలని మంచినీటి చేపల చెరువైనా లోతుగా తవ్వితే, తక్కువ లోతులో గట్లు కట్టిన ఉప్పునీటి చెరువు కంటే నేలను ఎక్కువ కాలం దెబ్బతీయవచ్చు. ఇటుక బట్టీకి పైమట్టి అమ్మిన చేను ఉప్పుచుక్క ఎరుగకపోయినా వాటికంటే హీనస్థితిలో ఉండవచ్చు. పంట మారడం కంటే తవ్విన లోతే ముఖ్యమని దీనివల్ల తేలుతుంది, ఎన్నాళ్లుగానో ఉప్పు మీదే కేంద్రీకరించిన ఈ శీర్షిక దృష్టి కూడా ఆ లోతు మీదకే మళ్లాలి.

చెరువులకు అనుమతులిచ్చేటప్పుడు సర్వే నంబరుతో పాటు తవ్వకం లోతుకూ పరిమితి పెట్టాలి, పైమట్టిని వేరుగా పోసి ఉంచాలనే నిబంధన ఉండాలి. పూడ్చిన చేలకు పై 15 సెంటీమీటర్లతో పాటు దాని కింది పొర నుంచి రెండో నమూనా తీయాలి. సోడియం కొలతకు కొత్త యంత్రం కొననక్కరలేదు, ప్రయోగశాలలో పొటాష్‌ను కొలిచే ఫ్లేమ్ ఫోటోమీటరే సోడియంనూ కొలుస్తుంది. ఇక ఎన్ని అడుగులు తవ్వారన్నది ఆ ఊరి రైతుకూ, పొక్లెయిన్ నడిపిన మనిషికీ తెలుసు. నమూనాకు వచ్చిన ఉద్యోగి ఆ సంగతి అడిగి రాసుకోవడానికి కార్డులో ఒక్క గడి చాలు.