గోడ మీది చార

కిటికీ పక్కన గోడ మీద చెయ్యి ఆనించి చూపించాను. “ఇక్కడిదాకా వచ్చాయమ్మా నీళ్లు.” ఇల్లు చూడ్డానికొచ్చిన ఆవిడ నా చేతి వంక చూసి, తన భుజం మీద చెయ్యి వేసుకుని ఎత్తు కొలుచుకుంది. కొత్త రంగు కింద చార కనబడదు. నేను నోరు విప్పకపోతే ఆవిడకు తెలిసేది కాదు.

విజయవాడ సింగ్‌నగర్‌లో నాన్న కట్టిన ఇల్లది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి మీదికొచ్చినప్పుడు నాన్న అందులోనే ఉన్నారు. పక్కింటివాళ్లు మేడ మీదికి తీసుకెళ్లబట్టి బయటపడ్డారు. నీళ్లు తీశాక చూస్తే తలుపులు ఉబ్బిపోయాయి, వైరింగు పాడైపోయింది, బీరువాలో అమ్మ పట్టుచీరలు బురద ముద్దలయ్యాయి. ప్రభుత్వం కింది అంతస్తు కుటుంబాలకు 25,000 రూపాయలు, పై అంతస్తులవాళ్లకు 10,000 సాయం ప్రకటించింది. ఆ సమయంలో అది పెద్ద ఆసరా. కానీ ఇంటిని మళ్లీ నిలబెట్టడానికి అది సరిపోదు. ఇంటికి బీమా లేదు. ఇన్నేళ్లలో ఆ మాటే మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. స్కూటరుకి కట్టాం, నాన్న ప్రాణానికి కట్టాం, నెత్తి మీది కప్పుకి మాత్రం కట్టలేదు.

నాన్న ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గరుంటున్నారు. ఇల్లు బాగుచేయించి మొదటిసారి అద్దెకు ఇవ్వాలనుకున్నప్పుడు, అద్దె ఒప్పందం కంటే ముందు బీమా సంగతి చూశాను. దరఖాస్తు నింపడానికి కూర్చున్నాక నాకొకటి బోధపడింది. ప్రీమియం కట్టడం చివరి పని. దానికి ముందు ఆ ఇంటి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి.

మొదటి ప్రశ్న, ఇల్లెంత చేస్తుందని. సెంటు ఇంత పలుకుతోందంటూ మన నోటికి ముందొచ్చేది స్థలం ధర. నేలకి బీమా లేదు. ఇల్లు మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందన్నదే లెక్క. మేస్త్రీని పిలిచి ఇప్పటి రేట్లు అడిగాను. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి, అడుగుకు రెండు వేల చొప్పున, 20 లక్షలని రాశాను. తీసుకున్నది ‘భారత్ గృహ రక్ష’. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించగా 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన ప్రామాణిక పాలసీ ఇది. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద అన్నీ ఇందులో ఉన్నాయి. సామాన్ల విలువ విడిగా రాయకపోయినా, ఇంటి మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు వాటికి రక్షణ వస్తుంది. ఏడాది ప్రీమియం మా నెల అద్దెలో చిన్న ముక్క.

అద్దెకిచ్చేవాళ్లు తప్పక చూసుకోవలసింది అద్దె నష్టం. వరదకో మంటకో ఇల్లు ఉండటానికి పనికిరాకుండా పోతే, ఆ కాలానికి రావలసిన అద్దెను గరిష్ఠంగా మూడేళ్ల వరకు ఈ పాలసీ భరిస్తుంది. షెడ్యూలులో ఆ వివరం సరిగ్గా ఉందో లేదో నా కళ్లతో చూసుకున్నాకే సంతకం పెట్టాను. అద్దె ఎగ్గొడితే మాత్రం ఇందులో రాదు. గోడకి ఊరే చెమ్మకీ, పాతబడి అరిగిన పైపుకీ రాదు. దొంగతనం కూడా, వరదలాంటి ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు అయితేనే, దాని కారణంగా జరిగితేనే.

తర్వాతి ప్రశ్న, ఇంట్లో ఉండేదెవరని. ‘సొంత నివాసం’ అని రాసేస్తే గొడవుండదని తెలిసినవాళ్లొకరు సలహా ఇచ్చారు. వినలేదు. అద్దెకిస్తున్నానని రాశాను. ఇల్లు చూసి అద్దెకు దిగుతానన్న ఆవిడ ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. అదీ రాతపూర్వకంగా తెలియజేశాను. 2024లో నీళ్లొచ్చిన సంగతి కూడా దాచలేదు. ఇల్లు మునిగిన రోజున మనల్ని ఆదుకునేది ముందుగా చెప్పిన ఈ మాటలే. దాచిన ఒక్క విషయం, కట్టిన ప్రీమియాలన్నిటినీ వృథా చేయగలదు.

అసలు కష్టమైన మాట ఇంకా మిగిలే ఉంది. తాళాలిచ్చే రోజు ఆవిడ ధీమాగా అడిగింది. “ఇంటికి ఇన్సూరెన్సు చేయించారంటగా మేడం, మా సామాన్లకీ వస్తుందిగా?”

రాదమ్మా అని చెప్పాను. నా పాలసీలో ఉన్నవి నా గోడలు, నా ఫ్యాన్లు, నా అల్మారాలు. ఆవిడ ఫ్రిజ్జు, మంచాలు, ఆ ఇంటికి అన్నం పెట్టే కుట్టుమిషను అందులో లేవు. ఇల్లు తనది కాకపోయినా సామాన్లకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చని వివరించాను. అద్దె ఒప్పందంలో కూడా ఈ సంగతి ఒక వాక్యంగా రాయించాను. ఇంటి యజమానులు సాధారణంగా ఈ మాట ఎత్తరు. అద్దెకుండేవాళ్లకు అడగాలని తోచదు. నీళ్లొచ్చిన రోజున ఎక్కువ పోగొట్టుకునేది వాళ్లే.

ఆ రోజే ఇద్దరం గది గదికీ తిరిగి ఫోటోలు తీసుకున్నాం. పాలసీ కాపీ నా ఫోనులో ఉంది, హైదరాబాదు ఇంట్లోనూ ఉంది. నాన్న కాగితాలన్నీ ఆ ఇంట్లోనే ఉండి, ఆ ఇంటితోపాటే నానిపోయాయి.

వచ్చేసేముందు ఆవిడ చిన్న కోరిక కోరింది. రంగు కింద కనబడకుండా పోయిన చారని మళ్లీ గుర్తుపెట్టమంది. పెన్సిలుతో గీత గీశాను. మర్నాడు మేస్త్రీ ఆ గీతకి రెండడుగుల పైన గట్టి చెక్కబల్ల బిగించాడు. వాన ముదిరినప్పుడు మిషను ఎక్కించుకోవడానికి.