లేవబోతున్న తార

అరచేతిలో ఇమిడే పాత టిబెటన్ తార విగ్రహాల గురించి మాట్లాడేటప్పుడు తరచు వినిపించే మాట 'మాతృహృదయం'. కరుణ అంటే అమ్మ, అమ్మ అంటే తార. ఈ వ్యాఖ్యానం తప్పని అనను. కానీ విగ్రహాన్ని సరిగ్గా చూడకుండా చేసిన వ్యాఖ్యానమని నాకనిపిస్తుంది.

శ్యామతార పద్మం మీద కూర్చుని ఉంటుంది. ఎడమకాలు మడిచి, కుడికాలు కిందికి చాపుతుంది. కుడిచెయ్యి వరదముద్రలో, ఎడమచేతిలో కలువకాడ. చాపిన ఆ పాదం ధ్యానంలోంచి లేచి రావడానికి సిద్ధంగా ఉందని సంప్రదాయమే చెబుతుంది. ఒడిలో బిడ్డ లేదు. అమ్మతనాన్ని చూసేవాళ్లే తెచ్చి ఆ ఒడిలో పెడుతున్నారు.

బోలుగా పోతపోసిన విగ్రహంలో మంత్రాలు రాసిన కాగితపు చుట్టలు, ధాన్యం వంటివి నింపి, అడుగున రాగిరేకు బిగించి, దానిమీద విశ్వవజ్రం గుర్తు చెక్కుతారు. ఈ తంతు జరిగాకే భక్తులకు అది తార. అంగడికి చేరిన పాత విగ్రహాల్లో ఆ రేకు ఊడిపోయి కడుపు ఖాళీ అయినవి ఉంటాయి. కొన్నవాళ్లకు మిగిలేది అందం. లోపలిదాన్ని వదిలేసి ఆకారాన్ని మెచ్చుకోవడం స్త్రీల విషయంలో కొత్త కాదు కదా!

తారానాథుడు 1604లో రాసిన తార చరిత్రలో ఆమె పూర్వజన్మ కథ ఉంది. జ్ఞానచంద్ర అనే రాజకుమారి సాధన చూసి భిక్షువులు, ఈ పుణ్యంతో మగజన్మ కోరుకోమని సలహా ఇస్తారు. ఆడ, మగ అన్న భేదమే భ్రమ అంటుందామె. అక్కడితో ఆగదు. పురుషదేహంతో జ్ఞానం కోరేవాళ్లు ఎందరో ఉన్నారు, స్త్రీదేహంతో జీవుల మేలుకు పనిచేసేవాళ్లు తక్కువ, కాబట్టి సంసారం ఖాళీ అయ్యేదాకా స్త్రీగానే ఉంటానని శపథం చేస్తుంది.

భేదమే లేనప్పుడు స్త్రీదేహాన్నే ఎందుకు ఎంచుకోవాలి? ఈ వైరుధ్యమే కథకు ప్రాణం. తత్వంలో లేని భేదం సంఘంలో ఉందని ఆమెకు తెలుసు. 'జ్ఞానానికి లింగభేదం లేదు' అంటూ స్త్రీల ప్రశ్నలను పక్కకు నెట్టే పెద్దల మాటనే ఆమె తన హక్కుకు ఆధారం చేసుకుంది.

ఆమెను ఇంతగా కొలిచిన టిబెట్‌లో భిక్షుణీ దీక్షా పరంపర మాత్రం వేళ్లూనలేదు. 20 మంది టిబెటన్ సన్యాసినులు అత్యున్నత పాండిత్య పట్టమైన 'గెషెమా' అందుకున్నది 2016లో. భూటాన్‌లో 144 మంది పూర్తి భిక్షుణీ దీక్ష తీసుకున్నది 2022లో. ఇన్ని శతాబ్దాలూ తార పూజామందిరాల్లోనే ఉంది. ఆమె ముందు దీపం పెట్టిన స్త్రీలు దీక్ష కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు.

ఆ చిన్న విగ్రహంలో శాంతిని వెతుక్కునేవాళ్లను నేను కాదనను. అయితే అది మగజన్మ కోరుకోమన్న సలహాకు ఒక స్త్రీ ఇచ్చిన జవాబు కూడా. కరుణను మాత్రమే చెప్పి శపథాన్ని వదిలేస్తే తారను సగమే చదివినట్టు.