వ్రాయని కూలి

స్వయముగా చిన్న వ్యాపార మొకటి ఆరంభింపవలెనను కోరిక మనవారిలో ఏ ఋతువున ప్రబలునని నన్నడిగినచో, వేసవిలోనే యని చెప్పుదును. ఏలయన, కొత్తావకాయ రుచిచూచిన చుట్టము 'దీనినే అమ్మరాదా?' యని అనుటయు, ఆ మాట గృహిణి మనస్సున నాటుకొనుటయు, వీథిగుమ్మమునకు ఒక బోర్డు వెలయుటయు ఆ కాలముననే జరుగును. చిరువర్తకుల చిట్టాలు చూచు అలవాటు నాకు చాలకాలముగా కలదు. పచ్చళ్ల చిట్టాలు తక్కినవానికంటె నన్నెక్కువగా ఆలోచింపజేయును.

కూరగాయల బండివాడు ఉదయము మదుపు పెట్టిన సొమ్మును సాయంకాలమునకు మరల కండ్ల చూచును. ఆవకాయ పెట్టినవారికో, గుంటూరు యార్డునకు కొత్త మిరప వచ్చు మాఘఫాల్గుణములలోనే కారమునకు సొమ్ము వెడలును. చైత్రవైశాఖములలో పుల్లని గట్టి కాయలకును, ఆవపిండికిని, నువ్వులనూనెకును వెడలును. మరలివచ్చుట మాత్రము శేరును సవాశేరుగా మరుసటి సంక్రాంతి దాటువరకు సాగును. ఈ నడుమ బంధింపబడిన ధనము సొంతమైనను, బంగారము కుదువబెట్టి తెచ్చినదైనను, దానికి వడ్డీ యొకటి కలదని తొలియేట గుర్తించినవారు అరుదు. జీడియు పొరయు పోగా మిగిలిన ముక్కయే సరకు గనుక, తరుగును మాత్రము అందరును ఎట్లో కనిపెట్టుదురు.

అయితే ఎంత జాగరూకులైనను విడిచిపెట్టు పద్దు మరియొకటి కలదు. అది తమ కూలి. కాయలు కడిగి తుడిచి తడి ఆర్చుట, బజారులో కత్తిపీటవానిచే టెంకతో కూడ ముక్కలు కొట్టించుట, ముక్కముక్కకును జీడి తీసి గుడ్డతో ఒత్తుట, కారమును ఉప్పును ఆవపిండిని పాళ్లు తప్పక కలిపి జాడీకెత్తుట, మూడవనాడు తిరుగగలిపి ఉప్పు చూచి నూనె పోయుట అను నిన్నింటిలో, కత్తిపీటవాని చేత పెట్టిన పైకమొక్కటే చిట్టాకెక్కును. అత్తయు కోడలును నడుములు నొవ్వ చేసినదంతయు 'ఇంటిపనియే గదా' అను మాటలో కొట్టుకొనిపోవును. సంవత్సరాంతమున మిగిలినదానిని చూచి లాభమని మురియుదురు. కఠినముగా తోచినను చెప్పక తప్పదు: అందు పెద్దపాలు లాభము కాదు, చెల్లింపని కూలి. గిరాకి పెరిగి బయటి మనిషిని పెట్టుకొన్న నాడు ఆ లాభము కనబడకపోవుటకు హేతువిదియే. అప్పుడు ఆ మనిషిని నిందింతురు, ఎండను నిందింతురు, గ్రహములను సైతము విడువరు. ధర కట్టిన తొలినాటి కాగితమును తిరిగి చూచువారిని నేనెరుగను.

1959లో బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పు తెచ్చి ఆరంభించిన అప్పడాల పనియే నేటి లిజ్జత్. అందు పనిచేయు ప్రతి స్త్రీయు భాగస్వామినియే యైనను, పిండి ఇంటికి గొనిపోయి ఒత్తి తెచ్చిన అప్పడాల తూకమును బట్టి ఆమెకు ఒత్తుడుకూలి ముట్టును. లాభనష్టముల పంపకము దానికి పిదప. యజమానురాలికి కూలియేమని నవ్వువారు నవ్వవచ్చును గాని, ఏడుగురు వేలమందియైనను ఆ సంస్థ నిలువగలుగుటకు ఈ యేర్పాటు ముఖ్యకారణములలో నొకటియని నా తలంపు.

ఊరక పంచిపెట్టు సీసాల ప్రసక్తియు ఇందే రావలయును. 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సంగీతసభలలో దానిని ఉచితముగా పంచిరని ప్రసిద్ధి. మనవారు దీనిని ఆదర్శముగా చెప్పుకొనుచు సీసాలు పంచుదురు. పంతులుగారు పంచినది రేపు కొనగల అపరిచితులకు. మనము పంచునది ఎన్నడును కొనబోని మేనమామలకు. పైగా ఆ సీసాల వెల ఏ పద్దునను కానరాదు.

నిరుడు మా వీథిలోని ఒక గృహస్థురాలు నా పోరు పడలేక, తన కూలియు కోడలి కూలియు దినమునకింతయని వ్రాసి, ఆపైని వెల కట్టినది. ఆవకాయ వెల బజారు వెలను మించెను. కొందరు మానుకొనిరి, పలువురు నిలిచిరి. మాగాయ దగ్గర మాత్రము చిక్కువచ్చెను. చెక్కు తీయుట, సన్నముగా తరుగుట, ఉప్పున ఊరినదానిని పిండి ఎండబెట్టుట, మబ్బు పట్టినప్పుడెల్ల డాబాపైకి పరుగెత్తుట, ఇన్ని కూలులు కలియగా నోట పలుకుటకు సంకోచింపవలసిన వెల తేలెను. ఆమె రెండు దినములు యోచించి, బోర్డుపై మాగాయ పేరు తుడిచివేసి, ఆ శ్రమను, ఆ సొమ్మును ఆవకాయ జాడీలకే మరలించినది. మేనమామల వరుసవారు కొందరు ఇప్పటికిని అలిగియున్నారట.