విరమణానంతర విద్యావ్యాసంగం: కాలం, స్థలం, అప్పగింత
(బ్రౌన్, గిడుగుల చివరి దశపై ఒక పరిశీలన)

'ఉద్యోగం' అనే సంస్కృత పదానికి పూనిక, ప్రయత్నం అని మూలార్థం. భారతంలోని ఉద్యోగపర్వం కొలువు గురించినది కాదు, యుద్ధ సన్నాహం గురించినది. ఆధునిక కాలంలో ఈ పదం అర్థసంకోచం పొంది జీతం వచ్చే కొలువుకు పరిమితమైంది. ఆ సంకుచితార్థం మీదనే 'ఉద్యోగ విరమణ' అనే సమాసం ఏర్పడింది. మూలార్థంలో చదివితే అది పూనికను మానుకోవడం అవుతుంది. 'విశ్రాంతాచార్యుడు' అనే వ్యవహారంలో కూడా ఇదే భావన ఉంది. కొలువు ముగిసినవాడు విశ్రమించాడని ఆ పదం ముందుగానే నిర్ణయిస్తుంది.

ఈ భావన పదాల దగ్గర ఆగలేదు. సాహిత్య చరిత్ర రచనలోనూ దీని ప్రభావం కనిపిస్తుంది. ఒక పండితుడి జీవితాన్ని చెప్పేటప్పుడు జననం, విద్య, ఉద్యోగం, రచనలు అనే వరుసను పాటించి, విరమణానంతర దశను చివరి పేరాలో ముగించడం పరిపాటి. ఆ దశలో జరిగిన కృషి పూర్వకృషికి అనుబంధంగానే లెక్కకు వస్తుంది. దానికంటూ ఒక స్వభావం ఉందా, ఉంటే దానిని నిర్ణయించేవి ఏవి అనే ప్రశ్న అరుదుగా ఎదురవుతుంది. ఈ ప్రశ్నను ఇద్దరి జీవితాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, మరొకరు గిడుగు వేంకట రామమూర్తి.

ఈ ఇద్దరినీ కలిపి చూడడానికి కాలపరమైన ఒక అనుకూలత ఉంది. బ్రౌన్ (1798–1884) కంపెనీ కొలువు ముగించుకొని 1855లో భారతదేశం విడిచి వెళ్ళాడు. గిడుగు (1863–1940) పర్లాకిమిడి రాజావారి విద్యాసంస్థలో సుమారు 30 ఏళ్ళు పనిచేసి 1911లో విరమించాడు. ఆ తర్వాత ఇద్దరూ దాదాపు 29 సంవత్సరాలు జీవించారు. విరమణ నాటికి బ్రౌన్ వయస్సు 56, గిడుగు వయస్సు 48. రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కి పెరిగిన నేటి దృష్టితో చూస్తే గిడుగు చాలా ముందుగానే విరమించినట్లు. ఇద్దరికీ లభించిన కాలం ఇంచుమించు సమానమే అయినా వారు చేసిన పనుల స్వభావం సమానం కాదు. ఆ భేదానికి కారణాన్ని ప్రతిభలోనో పట్టుదలలోనో వెదకడం సులభం. అంతకన్నా బలమైన కారణం వారు ఉన్న స్థలంలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. బ్రౌన్: స్థలం లేని కాలం

బ్రౌన్ ఉద్యోగకాలపు కృషి సుప్రసిద్ధం. కడపలో తన బంగళాను పండితులకు, లేఖకులకు పనిచోటుగా మార్చాడు. దానికి 'బ్రౌన్ కాలేజీ' అనే పేరు వచ్చింది. జూలూరి అప్పయ్య వంటి పండితుల సహాయంతో తాళపత్ర ప్రతులను సేకరించి, పాఠాలను పోల్పించి, శుద్ధ ప్రతులు వ్రాయించాడు. ఆ జీతాలను ఎక్కువగా తన సొమ్ముతోనే చెల్లించాడు. 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు వెలువడ్డాయి. ఈ పనులన్నిటికీ ఆధారం ఒక బృందం. ప్రతి తెచ్చేవారు, చదివేవారు, సందేహం తీర్చేవారు, వ్రాసేవారు ఒకేచోట ఉండడం వల్లనే ఆ పద్ధతి సాధ్యమైంది.

ఇంగ్లాండు చేరిన తరువాత బ్రౌన్ పని మానలేదు. వ్యాకరణం రెండవ కూర్పు 1857లో మద్రాసులో అచ్చయింది. దక్షిణదేశ కాలగణనకు సంబంధించిన గ్రంథం 1863లో వచ్చింది. లండన్‌లో తెలుగు ఆచార్యపదవిని నిర్వహించాడు. తన సాహిత్య జీవితాన్ని తానే వివరిస్తూ 1866లో ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. నిఘంటువు దిద్దుబాటును కొనసాగించాడు. పరిమాణాన్ని బట్టి చూస్తే ఇది విశ్రాంతి జీవితం కానే కాదు.

అయితే ఈ జాబితాలోని రచనల స్వభావాన్ని గమనించాలి. వాటిలో ప్రధానభాగం పూర్వం చేసిన పనిని మరల చూడడం, సవరించడం, దాని వృత్తాంతం చెప్పడం. కడపలోనూ మచిలీపట్నంలోనూ మద్రాసులోనూ ఆయన చేసిన పని ఇందుకు భిన్నం. అక్కడ కొత్త కావ్యాల ప్రతులు వెలుగులోకి వచ్చాయి, వేమన పద్యాలు సేకరణ పొందాయి, జనవ్యవహారంలోని పదాలు నిఘంటువుకు ఎక్కాయి. లండన్‌లో ఆ అవకాశం లేదు. తెలుగు మాట్లాడే ఊరు లేదు, సందేహం తీర్చే పండితుడు పక్కన లేడు. ఉన్నది తన జ్ఞాపకం, తన అచ్చు పుస్తకాలు, వాటి అంచుల్లో వ్రాసుకోవడానికి ఖాళీ జాగా.

ఇందులో గమనించవలసిన మరో విషయం ఉంది. 1830ల చివరి భాగంలో సెలవుపై లండన్‌లో ఉన్నప్పుడు, అక్కడి ఇండియా హౌస్ గ్రంథాలయంలో నిరుపయోగంగా పడివున్న దక్షిణాది భాషల ప్రతులను మద్రాసుకు పంపే ఏర్పాటు చేయించినవాడు బ్రౌనే. తన సొంత సేకరణను కూడా మద్రాసులోనే అప్పగించాడు. అవి నేడు అక్కడి ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ప్రతులు ఉండవలసిన చోటు వాటిని చదవగలవారు ఉన్న చోటేనని ఆయన నమ్మాడు. ఆ నమ్మకాన్ని ఆచరణలో పెట్టిన ఫలితంగా, జీవితంలోని చివరి 29 ఏళ్ళూ ఆ ప్రతులకు దూరంగా గడపవలసి వచ్చింది.

స్వీయవృత్తాంతాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. ఆత్మకథలో సాధారణంగా ఆశించే అంతరంగ కథనం అందులో తక్కువ. ఏ గ్రంథం ఎట్లా దొరికింది, ఎవరిచేత దిద్దించాను, ఏది అచ్చయింది, ఏది మిగిలింది అనేదే దాని ప్రధాన విషయం. కొందరు దీనిని ఆ రచన లోపంగా చూడవచ్చు. బాధ్యత అప్పగించి వెళ్ళిన అధికారి ఇచ్చే పట్టీగా చూస్తే ఆ రచనా పద్ధతి అర్థమవుతుంది. పని చేయడానికి వీలైన చోటు పోయిన తరువాత, ఆ పని ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తరువాతివారికి చెప్పడం ఒక్కటే మిగులుతుంది. బ్రౌన్ ఆ కర్తవ్యాన్ని నెరవేర్చాడు.

2. గిడుగు: స్థలంలో నిలిచిన కాలం

గిడుగు విరమణానంతర జీవితం సాహిత్య చరిత్రలో ఒక ఉద్యమ చరిత్రగానే నమోదైంది. ఇక్కడ ఒక సులభ వ్యాఖ్యను పరిహరించాలి. కొలువు బంధనం తొలగడం వల్ల ఆయన స్వేచ్ఛగా మాట్లాడగలిగాడని చెప్పడం ఆకర్షణీయమే గాని చరిత్రకు పూర్తిగా సరిపడదు. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్‌తో పరిచయం, బోధనాభాషను గురించిన ఆలోచన విరమణకు ముందే మొదలయ్యాయి. సవరభాషా పరిశోధన అంతకన్నా ముందుది. కాబట్టి విరమణ ఆయనకు కొత్త అభిప్రాయం ఇవ్వలేదు. పాఠశాల వేళలకు కట్టుబడి ఉన్న ఉపాధ్యాయుడికి సాధ్యం కానిది, అనగా ఊరూరా తిరిగే వీలు, ఇచ్చింది.

ఆయన వాదపద్ధతికి ఈ తిరుగుడు అత్యవసరం. 1913లో ఆధునికాంధ్రంపై వెలువరించిన విజ్ఞాపన మొదలు 1919లో స్థాపించిన 'తెలుగు' పత్రిక వరకు ఆయన ఆధారపడినది ఉదాహరణల మీద. పూర్వ వచనగ్రంథాలు, వ్యాఖ్యానాలు, లేఖలు, సమకాలిక పండితుల రచనలు వెదకి, ప్రయోగాలు ఏరి, సభలో ప్రతివాది ఎదుట ఉంచేవాడు. 'బాలకవి శరణ్యం' కావ్యప్రయోగాలు వ్యాకరణసూత్రాలను మించినవని చూపుతుంది. 'గద్య చింతామణి' వ్యావహారికం పూర్వ వచనంలోనే ఉన్నదని నిరూపిస్తుంది. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం' గ్రాంథికవాదుల రచనల్లోని తప్పులనే సాక్ష్యంగా తెస్తుంది. మూడింటిలోనూ సామగ్రి ఇతరుల గ్రంథాలు, ఎదుట ఉన్నవాడు సజీవుడైన ప్రతివాది. అటువంటి రచనకు గ్రంథాలయం, పత్రిక, సభ, శిష్యులు, శత్రువులు అందరూ అందుబాటులో ఉండాలి. గిడుగుకు వారందరూ ఉన్నారు.

సవరభాష విషయంలో ఈ సంగతి మరింత స్పష్టం. ఉద్యోగకాలంలో మన్యంలో తిరిగి నేర్చిన భాషకు సంబంధించిన వ్యాకరణ గ్రంథం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. అంటే విరమణకు 20 ఏళ్ళ తరువాత ఒకటి, 27 ఏళ్ళ తరువాత ఒకటి. నడుమ ఆ భాష మాట్లాడేవారి పొరుగున ఉండడం వల్లనే ఆ పని పరిపక్వమైంది. మన్యపు జ్వరాలకు వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు చెబుతారు. మాట్లాడే భాషకోసం పోరాడిన వ్యక్తికి మాట సరిగా వినబడని స్థితిలో కూడా పని సాగిందంటే, చుట్టూ ఉన్న మనుషులు ఆ లోటును ఎంతవరకు భర్తీ చేశారో ఊహించవచ్చు.

ఆ స్థలం ఆయనకూ శాశ్వతం కాలేదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు రాజమహేంద్రవరానికి తరలివచ్చాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్ళు దాటాయి. నిఘంటువు సామగ్రి అంతకుముందే సిద్ధమై ఉండకపోతే దాని గతి ఏమయ్యేదో చెప్పలేము.

3. అప్పగింత

పై రెండు ఉదాహరణలను కలిపే మూడవ పేరు కందుకూరి వీరేశలింగం. బ్రౌన్ నిఘంటువు సవరించిన కూర్పు 1903లో, అంటే ఆయన మరణించిన 19 ఏళ్ళకు, మద్రాసులో వెలువడింది. దాని పరిష్కర్తలు ముగ్గురిలో కందుకూరి ఒకడు. లండన్‌లో ఏకాంతంగా సాగిన దిద్దుబాటు చివరకు తెలుగు పండితుడున్న చోటికే చేరవలసి వచ్చింది. అదే కందుకూరి ఉద్యోగం ముగిసిన తరువాత 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తిని దానికి అప్పగించాడు. మరణించిన 1919వ సంవత్సరంలోనే, వ్యావహారిక భాషకోసం ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించాడు. అంతకుముందు చాలాకాలం గ్రాంథికంలో వ్రాసిన వ్యక్తి తన చివరి నెలల్లో గిడుగు పక్షాన నిలవడం విరమణానంతర దశ విలువను వేరొక కోణంలో చూపుతుంది. తన పూర్వాభిప్రాయాన్ని మార్చుకొని బహిరంగంగా చెప్పడం కూడా ఒక పనియే.

ఈ పరిశీలన నుంచి తేలే నిర్ణయం ఇది. విరమణ పండితుడికి కాలాన్ని ఇస్తుంది, స్థలాన్ని ఇవ్వదు. పైగా చాలాసార్లు ఉన్న స్థలాన్ని తీసివేస్తుంది. స్థలం అంటే ఇక్కడ గది మాత్రమే కాదు. మూలప్రతులు, గ్రంథాలయం, ప్రశ్నించే విద్యార్థి, ఖండించే సహచరుడు కలిసినదే స్థలం. అది నిలిచినచోట విరమణానంతర కృషి కొత్త విషయం కనుగొంటుంది, వాదిస్తుంది. అది పోయినచోట తనను తాను సవరించుకోవడం, గతాన్ని నమోదు చేయడం వైపు తిరుగుతుంది. రెండవది తక్కువది కాదు, కాని రెండూ ఒకటి కావు. ఒక రచయిత చివరి దశలో కొత్త రచన లేదని విమర్శకుడు తేల్చేముందు అతనికి మిగిలిన స్థలం ఏమిటో విచారించాలి.

ఈ నిర్ణయానికి పరిమితులున్నాయి. ఇద్దరికీ పూటగడవని స్థితి లేదు. విరమించిన తరువాత కూడా జీవనోపాధికై ట్యూషన్లు చెప్పుకొన్న, అచ్చుప్రతులు దిద్దిన తెలుగు పండితుల విషయంలో కాలం కూడా లభించలేదు. స్త్రీల విషయంలో ప్రశ్నే మారుతుంది. కొలువు నుంచి విరమించిన రచయిత్రికి ఇంటిపని నుంచి విరమణ లేదు. అక్కడ కాలస్థలాల విభజనను వేరే ఆధారాలతో పరిశీలించాలి.

ఈ చర్చ మన శాఖలకు దూరమైనది కాదు. విరమించిన ఆచార్యులను గౌరవాచార్యులుగానో అతిథి అధ్యాపకులుగానో కొనసాగించడంపై ప్రతి విశ్వవిద్యాలయంలోనూ భిన్నాభిప్రాయాలున్నాయి. అనుభవం వృథా కాకూడదని ఒక పక్షం, పరిశోధన ముగించి కొలువుకై ఎదురుచూసే యువకుల చోటు ఆక్రమించకూడదని మరొక పక్షం వాదిస్తాయి. రెండవ పక్షం ఆవేదన న్యాయమైనది. అయితే బ్రౌన్, గిడుగుల ఉదాహరణలు ఆ వివాదంలో కలిసిపోయిన రెండు విషయాలను విడదీస్తాయి. పదవి వేరు, స్థలం వేరు. గిడుగుకు 1911 తరువాత పదవి లేదు, ఆయనకు అది అవసరమూ కాలేదు. బ్రౌన్‌కు లండన్‌లో ఆచార్యపదవి ఉంది, దానివల్ల కడప తిరిగిరాలేదు.

కనుక విరమించినవారికి శాఖ ఇవ్వవలసినది గ్రంథాలయంలో ప్రవేశం, లిఖితప్రతుల వద్ద ఒక బల్ల, పరిశోధకుల చర్చాగోష్ఠిలో మాట్లాడేందుకు, ఖండన వినేందుకు ఒక స్థానం. ఇవి ఎవరి ఉద్యోగాన్నీ తీసుకోవు. విరమించేవారు శాఖకు ఇవ్వవలసినది కూడా అంతే ముఖ్యం. సేకరించిన ప్రతులు, చీటీలు, అసంపూర్ణ పట్టికలు, సగంలో ఆగిన నిఘంటువులు ఇంటి అలమారాలో మిగిలిపోకుండా, అవి ఎక్కడిదాకా వచ్చి ఆగాయో వ్రాసి అప్పగించాలి. బ్రౌన్ చేతి దిద్దుబాట్లు కందుకూరి తరానికి పనికివచ్చినది అట్లా అందినందువల్లనే.