నాలుగు గుంటల ఆట

వామనగుంటల్లో మొదటి ఆటలో ఇద్దరూ సమానమే. ఇటు ఏడు గుంటలు, అటు ఏడు గుంటలు, గుంటకు ఐదేసి చింతగింజలు, మొత్తం 70. ఎవరు గొప్పా ఎవరు తక్కువా అన్నది రెండో ఆటకు గుంటలు నింపుకునేటప్పుడు తేలుతుంది. మొదటి ఆటలో 23 గింజలు దక్కినవారు నాలుగు గుంటలు నింపుకుంటారు, మూడు గింజలు చేతిలో ఉంటాయి. మిగిలిన మూడు గుంటలూ మూతపడతాయి. ఎదుటివారికి 47 దక్కాయి కాబట్టి ఏడు గుంటలూ నిండి ఇంకా 12 మిగులుతాయి. ఓడినట్టూ కాదు, గెలిచే దారి కళ్లకు కనిపించేదీ కాదు. ఈ నాలుగు గుంటల మనిషి ఎలా ఆడాలన్నదే నాకు ఈ ఆటలో అన్నిటికన్నా రుచించే విషయం.

పులికాట్ ఒడ్డున ఈ మాట చెప్పుకోవడానికి కారణం ఉంది. చిలికా తర్వాత దేశంలో అతిపెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం మన ఆంధ్రప్రదేశ్ వైపు, దక్షిణపు కొస తమిళనాడులో. సరస్సుకు ఈ పక్క వామనగుంటలన్నది ఆ పక్క పల్లాంగుళి. పీట ఒకటే, గుంటలు పద్నాలుగే. చేప ఆకారంలో చెక్కి, మధ్యకు మడిచి మూసే పీటలు రెండు వైపులా ఉన్నాయి. అడుగు తవ్వితే గుల్లలు దొరికే సరస్సు పక్కన కూడా ఆడేది గవ్వలతోనో, ఇంట్లో చింతపండు ఒలిచాక మిగిలిన గింజలతోనో. పీట లేకపోతే మట్టిలో గుంటలు తీసుకుంటే సరిపోతుంది. ఆడవాళ్ల మధ్యాహ్నాలకూ, శివరాత్రి జాగారానికీ తోడైన ఆట ఇది.

నియమాలు ఇంటింటికీ కొంచెం మారతాయి. నేను చెప్పబోయే లెక్కలన్నీ ఈ పద్ధతికి: మీ వైపు గుంటల్లో ఏదో ఒకటి ఎంచుకుని గింజలన్నీ ఎత్తి, గడియారానికి ఎదురు దిశలో గుంటకు ఒకటి చొప్పున పంచుతారు. చేతిలోవి అయిపోగానే ఆ తర్వాతి గుంటలోవి ఎత్తి మళ్లీ పంచుతారు. తర్వాతి గుంట ఖాళీగా ఉంటే దాన్ని తుడిచి, దాని పక్క గుంటలో ఉన్నవన్నీ మీ సొంతం చేసుకుంటారు. అంతటితో ఎదుటివారి వంతు. వరసగా రెండు ఖాళీలు తగిలితే ఏమీ రాదు. మూతపడ్డ గుంటలను దాటేసి పంచాలి. గింజ ఎవరి వైపు పడినా, ఎవరి గుంట దొరికినా పట్టింపు లేదు. ఖాళీ పక్కన ఏముందన్నదే ముఖ్యం. అందుకే ఈ ఆటలో మొదటి పాఠం: ఖాళీ గుంటను ఆనుకుని నిండు గుంటను ఉంచకూడదు.

ఇక లెక్క. రెండు వైపులా ఏడేసి గుంటలు నిండి ఉన్నప్పుడు మొదటి ఎత్తు ఏ గుంట నుంచి మొదలుపెట్టినా సరిగ్గా 7 గింజలు వస్తాయి. అన్ని గుంటల్లోనూ ఐదే ఉన్నాయి కాబట్టి మొదలు ఎక్కడైనా ఒకే తంతు నడుస్తుంది. ఒక గుంట మూతపడి ఆరు మిగిలితే మొదటి ఎత్తుకు వచ్చేది 1 మాత్రమే. ఐదు గుంటలైతే 6. నాలుగైతే 9. మూడైతే 8. రెండైతే 3, ఒక్కటైతే మళ్లీ 1. అన్నిటిలోకీ పెద్ద ఎత్తు నాలుగు గుంటల దగ్గరే ఉంది. బాగా చితికినవాళ్లకు రాని 9, ఒక్క గుంటే పోగొట్టుకున్నవాళ్లకూ రాని 9, నడిమిన నిలిచినవాళ్లకు వస్తుంది. గుంటలో నాలుగు చేరగానే ఆ గుంట వారు తీసేసుకునే పద్ధతి ఉన్న ఇళ్లలోనైతే (తమిళులు దాన్ని పసు అంటారు) ఇదే ఎత్తుకు మొదలుపెట్టిన గుంటలో నాలుగు పండి, మొత్తం 13 అవుతాయి.

తొమ్మిది రావడంతో పని అయిపోలేదు. నాలుగు గుంటల్లో ఏది ఎత్తినా 9 వస్తాయి, కానీ ఎత్తు ముగిశాక పీట మీద మిగిలే బొమ్మ ఒకటి కాదు. మీ కుడి చివరి గుంట నుంచి మొదలుపెడితే మీ నాలుగు గుంటల్లో ఎడమ నుంచి వరసగా 2, 9, 9, 4 నిలుస్తాయి. మొత్తం 24. మీ వైపు ఒక్క ఖాళీ కూడా ఉండదు. ఎడమ చివరి గుంట నుంచి మొదలుపెడితే మిగిలేవి 4, 0, 0, 0. దక్కిన తొమ్మిదీ ఒకటే, కానీ రెండో సందర్భంలో మీకు కదపడానికి ఒకే గుంట ఉంటుంది, ఎదుటివారు మీ తలరాత రాస్తారు. చూసేవాళ్లు చేతిలోకి వచ్చిన తొమ్మిదిని చూస్తారు. ఆడేవాళ్లు పీట మీద మిగిలిన ఇరవై నాలుగును చూడాలి. కుడి నుంచి రెండో గుంట ఎత్తినా 22 మిగులుతాయి కాబట్టి అదీ మంచిదే. మూడోది ఎత్తితే 13కు పడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ మొదటి ఎత్తు ఎవరిది? గెలిచినవారే మొదలుపెట్టాలన్న పద్ధతి ఉన్నచోట 9 వెళ్లేది ఏడు గుంటలవారికే. ఓడినవారు మొదలుపెట్టే పద్ధతిలో మధ్య స్థితికి ప్రాణం వస్తుంది. నా మట్టుకు నేను ఓడినవారికే మొదటి ఎత్తు ఇవ్వాలంటాను. అప్పుడే ఆట పదో పన్నెండో గింజల తేడాతో తేలిపోకుండా, గుంటలు పోతూ వస్తూ రాత్రంతా సాగుతుంది.

గింజల విలువ కూడా సమానంగా ఉండదు. 20 ఉన్నా 24 ఉన్నా నాలుగే గుంటలు. 23 దగ్గర ఉన్నవారికి ఇంకో రెండు వస్తే ఐదో గుంట తెరుచుకుంటుంది. ఇంకో ఒకటి వస్తే ఏమీ మారదు. కాబట్టి ఆట చివర్లో ఐదేసి లెక్కన ఎంత దూరంలో ఉన్నామో చూసుకుని ఆడాలి. 20 మీద నిలిచినవారు ఒక్క గింజ పోగొట్టుకోకుండా కాపాడుకోవాలి. ఒకటి పోతే గుంటే పోతుంది. 24 ఉన్నవారికి నాలుగు పోయినా నష్టం లేదు, ఒకటి వస్తే పెద్ద లాభం. వాళ్లు తెగించి ఆడాలి. చూడ్డానికి ఇద్దరూ నాలుగు గుంటలవాళ్లే, ఆడాల్సిన ఆటలు మాత్రం పూర్తిగా వేరు.

పోకర్ పోటీల్లో ఆరితేరినవాళ్లు ఇదే లెక్క వేరే రూపంలో వేస్తారు. లాస్ వేగాస్‌లో 1970లో మొదలైన వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో ఇప్పుడు ఫైనల్ టేబుల్‌కు చేరేది తొమ్మిది మంది. చిప్స్ (పందెపు బిళ్లలు) అడుగంటినవారికి ఆలోచన తక్కువ: మంచి ముక్కలు పడగానే ఆల్ ఇన్, అంటే ఉన్నవన్నీ ఒడ్డేయడమే. కొండంత చిప్స్ ఉన్నవారు పందెం పెంచుతూ అందరినీ వెనక్కి తగ్గిస్తారు. మధ్యస్థంగా ఉన్నవారికే చిక్కు. తమకన్నా తక్కువ ఉన్నవారు ముందు బయటికి పోతే తమ బహుమతి మెట్టు పెరుగుతుంది, అందువల్ల పెద్ద రాశి ఉన్నవారితో తలపడి పోకూడదు. అలాగని ముడుచుకుని కూర్చుంటే బ్లైండ్స్, అంటే వంతులవారీగా తప్పక పెట్టాల్సిన పందేలు, కరిగించేస్తాయి. అందుకని వాళ్లు పక్కవారు పెంచిన పందేనికి సరేననడం తగ్గించి, తామే ముందు పెంచుతారు. అదీ తమతో సమానంగానో తక్కువగానో ఉన్నవారి మీద. అక్కడ చేజారిన చిప్ విలువ చేజిక్కిన చిప్ విలువకన్నా ఎక్కువ. 20 దగ్గర నిలిచిన నాలుగు గుంటల ఆటగాడిదీ అదే సంకటం.

తేడా కూడా చెప్పాలి. పోకర్‌లో ముక్కలు కనబడవు, డబ్బు పోతుంది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. అప్పుల్లో మునిగిన కుటుంబాలను చూసినవాళ్లెవరూ ఆ నిర్ణయాన్ని తప్పుపట్టరు. వామనగుంటల్లో దాపరికం లేదు, అదృష్టానికి చోటు లేదు. గింజలన్నీ కళ్లెదుట ఉంటాయి. పోయేది చింతగింజ.

వామనగుంటల కోవకు చెందిన ఆటలు ఆఫ్రికా అంతటా ఉన్నాయి. వాటిలో 12 గుంటలు, 48 గింజల అవారీ ఆటను 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ రోమైన్, హెన్రీ బాల్ అనే పరిశోధకులు కంప్యూటర్లతో తుదిదాకా ఛేదించారు. 88,900 కోట్లకు పైగా స్థితులను లెక్కించి, ఇద్దరూ తప్పు చేయకుండా ఆడితే ఆట సమంగా ముగుస్తుందని తేల్చారు. మన పీట అంతకన్నా పెద్దది, గింజలూ ఎక్కువ. దాన్ని బడి ముఖం చూడని ఆడవాళ్లు తరాలుగా మనసులో లెక్క కట్టి ఆడారు. మూడు నాలుగు చుట్లు ముందుకు పంచి చూసి, ఎక్కడ ఆగుతుందో చేయి పెట్టకముందే చెప్పగలగడం చిన్న విద్య కాదు. దాన్ని పొద్దుపోక ఆడే ఆటగా తీసిపారేయడం వాళ్లకు చేసిన అన్యాయం.

మీ ఇంట్లో పీట ఉంటే దించండి, లేకపోతే పద్నాలుగు గిన్నెలు చాలు. పిల్లలను మొదటే ఏడు గుంటలతో కాక ఒక వైపు నాలుగుతో కూర్చోబెట్టి, పై లెక్కలు సరిచూడమనండి. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి మీ ఊరి నియమం తెలుసుకోండి: మొదటి ఎత్తు ఎవరిది, నాలుగు చేరితే ఎవరివి, మూతపడ్డ గుంట ఎలా తెరుచుకుంటుంది. ఆ నియమాన్ని ఊరి పేరుతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టండి. తడలో ఒకలా, పలమనేరులో ఒకలా ఉంటే రెండూ రాయాల్సినవే.