క్రీడావ్యాసాల్లో ‘లింగం’: ఒక పరిభాషా విమర్శ

క్రీడలపై తెలుగులో వచ్చే పరిశోధన వ్యాసాల్లో ‘లింగ వివక్ష’, ‘లింగ సమానత్వం’, ‘లింగ నిర్ధారణ పరీక్ష’ అనే పదబంధాలు పక్కపక్కనే కనిపిస్తాయి. మొదటి రెండింటిలో లింగం సామాజికం, మూడవదానిలో శారీరకం. స్త్రీవాదం శ్రమపడి విడదీసిన రెండు భావనలను ఒకే మాట మళ్లీ కలిపివేస్తున్నది. సాహిత్య విమర్శలో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు. శరీరమే వివాదాంశమైన క్రీడారంగంలో నష్టం ఉంది.

ద్యుతీ చంద్ ఉదంతమే చూడవచ్చు. ఒడిశాలో చేనేత కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో నాగపురి రమేశ్ శిక్షణలో ఎదిగిన ఈ స్ప్రింటర్‌ను 2014లో కామన్వెల్త్ క్రీడల జట్టు నుంచి తప్పించారు. చూపిన కారణం ఆమె శరీరంలో సహజంగా ఉత్పత్తి అయ్యే టెస్టోస్టిరోన్ స్థాయి. నాటి అంతర్జాతీయ నిబంధన పెట్టిన హద్దు లీటరుకు 10 నానోమోల్‌లు. ఆ హార్మోన్ ఎంత మేలు చేకూరుస్తుందో తగిన ఆధారం లేదంటూ 2015 జూలైలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆ నిబంధనను నిలిపివేసింది. వాదం నడిచింది స్త్రీల విభాగంలో పోటీ చేసే అర్హతపైన. ఆమె స్త్రీయా కాదా అన్నదానిపైన కాదు. ‘లింగ నిర్ధారణ’ అని రాసిన వ్యాసకర్త, ద్యుతి పక్షాన వాదిస్తూనే, ఆ రెండవ ప్రశ్నను తానే వేస్తున్నాడు.

పైగా ఆ మాటకు మన నేలపై వేరే అర్థం స్థిరపడింది. రాజోలి నుంచి గద్వాలకు స్కానింగుకు వెళ్లే గర్భిణికి అది 1994 చట్టం నిషేధించిన నేరం పేరు. తుంగభద్ర ఒడ్డునున్న ఆ నేతగాళ్ల ఊరి విద్యార్థిని ద్యుతి కథలో తన ఇంటిని గుర్తుపట్టగలదు. మన వ్యాసం చదివి మాత్రం, ద్యుతికి ఏ పరీక్ష జరిగిందో తెలుసుకోలేదు.

‘సాధికారత’ చేసే పని మరొక రకం. ఒలింపిక్స్‌లో స్త్రీలకు సామూహికంగా క్రోమోజోమ్ పరీక్షలు 1968లో మొదలై 1999లో ఆగాయి. కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన సిడ్నీ 2000, ఆ పరీక్షలు లేని తొలి వేసవి ఒలింపిక్స్; మహిళల వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటు దొరికిన తొలి ఒలింపిక్స్ కూడా. పతకాన్ని సాధికారత అని కీర్తించి ఊరుకుంటే ఈ నిబంధనల చరిత్ర మరుగున పడుతుంది.

సామాజికార్థంలో ‘జెండర్’నే వాడి, పరీక్షను అది కొలిచేదాని పేరుతో హార్మోన్ పరీక్ష, జన్యు పరీక్ష అనడం మేలు. ‘జెండర్’ తెలుగు కాదనేవారు ‘హార్మోన్’ను అభ్యంతరం లేకుండా వాడుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబరు నుంచి ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ స్త్రీల విభాగానికి ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్షను తప్పనిసరి చేసింది. రాబోయే సిద్ధాంత గ్రంథాల్లో దాని ప్రస్తావన ఎలాగూ వస్తుంది. దానికీ పాత పేరే పెడతారేమోనన్నది నా అనుమానం.